సత్యభామ గొంతు ఎవరిది?

నా పరిశోధన భామాకలాపం మీద. మూడు వందల చిల్లర పేజీల సిద్ధాంత వ్యాసం. రాతప్రతుల్లో పాఠభేదాలు, దరువుల నడక, ఇది శృంగారమా భక్తా అన్న పాత తగువు, సిద్ధేంద్రయోగి కాలనిర్ణయం - అన్నీ అందులో ఉన్నాయి. మౌఖిక పరీక్షలో చాలా ప్రశ్నలడిగారు. "దీన్ని ఎవరు పాడేవారమ్మా?" అని మాత్రం ఎవరూ అడగలేదు. అన్నేళ్ళలో నాకూ ఆ ప్రశ్న తట్టలేదు.

ఆ ప్రశ్న దాకా నన్ను నడిపించింది మా మామ్మ. పట్టా చేతికొచ్చిన వేసవిలో కొత్తపేట దగ్గర మా ఊరు వెళ్ళి, బైండు చేయించిన ఆ పుస్తకాన్ని ఆవిడ ఒళ్ళో పెట్టాను. మామ్మ మూడో తరగతి దాకా చదివింది. నల్లటి అట్టని చేత్తో తడిమి "ఇందులో పాటలున్నాయా?" అంది. ఉన్నాయన్నాను. "అయితే ఒకటి పాడు." నాకు రాదన్నాను. మరి ఇన్నాళ్ళూ ఏం చేశావన్నట్టు చూసింది. సత్యభామ తెర వెనక నుంచి వచ్చి తానెవరో చెప్పుకునే ప్రవేశ దరువు తీసి చదివాను. రెండు పాదాలు అయ్యాయో లేదో, "అదలా చదివేది కాదే పిచ్చిదానా" అని తను అందుకుంది.

ఎనభై ఆరేళ్ళ గొంతు. వణుకుతోంది, ఊపిరి చాలడం లేదు. తాళం మాత్రం తప్పలేదు. మంచం కోడు మీద వేలితో కొట్టుకుంటూ పాడింది. నేను గబగబా ఫోనులో రికార్డు పెట్టాను. నడుమ ఒకచోట టక్కున ఆపేసింది. మిగతాది మర్చిపోయావా అంటే, "మర్చిపోవడమేంటి? అక్కడికి తలుపేసేశారు" అంది.

1945 ప్రాంతం. మామ్మకి అప్పుడు పన్నెండో పదమూడో. కాపరానికొచ్చిన కొత్త. ఇంట్లో పెళ్ళి జరిగింది. రాత్రి పందిట్లో మేజువాణి. రేవు దాటి పడవలో మేళం వచ్చింది. మగవాళ్ళు పందిట్లో, ఆడవాళ్ళు నడవ తలుపు వెనక. పాట సగంలో ఉండగా ఇంటి పెద్దావిడ ఎవరో "సంసారులు వినేవి కావు, పదండి" అని తలుపు వేసేసింది. విన్నంతమట్టుకు మామ్మకి డెబ్భై ఏళ్ళు పైగా గుర్తుండిపోయింది. ఎప్పుడూ ఎవరి ముందూ పాడలేదట. "పాడినావిడ పేరేంటి మామ్మా?" అనడిగాను. "పేరెవరు చెబుతారే? మేళం అనేవారు, అంతే."

మేళం అంటే నలుగురైదుగురు. మద్దెల, ఫిడేలు, శ్రుతి, తాళాలు. వాటి నడుమ ఒక మనిషి, పాడుతూ ఆడుతూ ఉండేది. ఆ మనిషికి విడిగా పేరు లేదు. వాద్యాలతో కలిపి ఆమె కూడా మేళమే.

భామాకలాపాన్ని మనం సాధారణంగా రెండు రకాలుగా చూస్తాం. సాహిత్యం వాళ్ళకి అది ఒక యోగి రాసిన గ్రంథం. నాట్యం వాళ్ళకి కూచిపూడి సంప్రదాయానికి పట్టుకొమ్మ. దాన్ని గాత్రరచనగా, అంటే ఒక ఆడగొంతు కోసం పుట్టిన పాటల వరసగా చూడడం మనకి అలవాటు లేదు. నిజానికి అందులో జరిగే కథ చాలా తక్కువ. సత్యభామ వస్తుంది, తన అందాన్నీ పుట్టుకనీ చెప్పుకుంటుంది, కృష్ణుడితో తగువు పడుతుంది, విరహపడుతుంది, ఉత్తరం రాస్తుంది, చెలికత్తె మాధవిని పంపమని బతిమాలుకుంటుంది. మాధవి ఊరికే వెళ్ళదు, ముక్కెర ఇమ్మంటుంది. ఈ ఘట్టం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఎంత దివ్యప్రేమలోనైనా నగల బేరం తప్పదు. ఇదంతా ఒకే గొంతు మీద నడుస్తుంది. దరువు, వచనం, పద్యం, మళ్ళీ దరువు. గర్వం, అలక, బెంగ, బతిమాలడం అన్నీ ఆ గొంతులోనే మారాలి.

సిద్ధేంద్రయోగి 17వ శతాబ్దం వాడని ఎక్కువమంది అంటారు. ఆయన ఈ కలాపాన్ని కూచిపూడి బ్రాహ్మణ బాలురకి నేర్పి, ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడన్న కథ మనందరికీ తెలుసు. సత్యభామ జీవాత్మ, కృష్ణుడు పరమాత్మ అన్న వ్యాఖ్యానం కూడా తెలుసు. అందరూ జీవాత్మలే కాబట్టి మగవాడు సత్యభామ అయితే తప్పులేదు. బాగుంది. మరి ఆడవాళ్ళు మాత్రం జీవాత్మలు కారా అన్న అనుమానం ఆ కథ చెప్పేవాళ్ళకి ఎందుకో రాదు.

కథకి అవతల, గోదావరి పాయల మధ్య, ఆడవాళ్ళు పాడిన భామాకలాపం ఉంది. కళావంతుల స్త్రీలు గుళ్ళోనూ పాడారు, మేజువాణిలోనూ పాడారు. ధవళేశ్వరం నుంచి కోటిపల్లి దాకా గోదావరి వెంట ఉన్న నవ జనార్దన క్షేత్రాల పేరు మీదే నవజనార్దన పారిజాతం అన్న సంప్రదాయం ఉంది. పిఠాపురం కుంతీమాధవస్వామి గుడిలో దాన్ని తొమ్మిది రాత్రులు ఆడేవారు. కోనసీమలో ముమ్మిడివరానికి చెందిన అన్నాబత్తుల బులి వెంకటరత్నమ్మ భామాకలాపానికి పేరుమోసిన కళాకారిణి. బ్రాహ్మడికి గొల్లభామ వేదాంతం బోధించే గొల్లకలాపాన్నీ ఈ స్త్రీలు ఆడారు. నా సిద్ధాంత వ్యాసంలో వీళ్ళకి దక్కింది ఒక్క వాక్యం. "కళావంతులు కూడా ప్రదర్శించేవారు." ఆ "కూడా" ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది.

ఈ ప్రశ్నతో కొట్టుకుంటున్న రోజుల్లో పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న ఒక స్నేహితురాలు నాకు వివాల్డీ మోటెట్ ఒకటి వినిపించింది. 'నుల్లా ఇన్ ముండో పాక్స్ సిన్చెరా' దాని పేరు. లాటిన్ మాటలు, దేవుడి పాట. ఒక్క సొప్రానో గొంతు, అంటే ఆడగొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయిది. దాని కింద కొన్ని తంత్రీవాద్యాలు, ఆధారంగా ఒక మంద్రస్వరం. ముందు ఒక ఏరియా, తర్వాత మాటలాంటి పాటగా సాగే రిసిటెటివ్, మళ్ళీ ఏరియా, చివర ఆలెలూయా. విన్నంతసేపూ నాకు దరువు, వచనం, దరువు అనే తోచింది. రెండు సంగీతాలూ ఒకటేనని కాదు. చిన్న మేళం మీద ఒక ఆడగొంతుని నిలబెట్టి, దేవుణ్ణి అడ్డుపెట్టుకుని మనిషి బాధంతా చెప్పించే పద్ధతి అక్కడా ఇక్కడా ఉందని. సిద్ధేంద్రుడిదని చెప్పే 17వ శతాబ్దాన్నీ, 18వ శతాబ్దం సగం దాకానూ యూరపు సంగీత చరిత్రలో బరోక్ యుగం అంటారు.

ఆ పాటలు పాడినవాళ్ళ గురించి ఆమె చెప్పింది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. వివాల్డీ 1703లో వెనిస్‌లోని పియెతా అనే అనాథ శరణాలయంలో వయొలిన్ నేర్పడానికి చేరాడు. ఆయన భక్తి సంగీతంలో చాలా భాగం అక్కడి ఆడపిల్లల కోసం రాసిందే. ఆ పిల్లలు గుడిలో ఎత్తున, ఇనపజాలీ వెనక నిలబడి పాడేవారు. ఊరంతా, దేశదేశాల యాత్రికులూ కింద కూచుని వినేవారు. గొంతు వినపడాలి, మనిషి కనపడకూడదు. 1743లో వెనిస్ చేరిన రూసో అలాంటి మరో శరణాలయంలో పాట విని, ఆ జాలీల మీద విసుక్కుంటూ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ పిల్లలు పెళ్ళి చేసుకుని బయటికి వెళితే ఇక బహిరంగంగా పాడకూడదన్న నియమం ఉండేది. చాలామందికి ఇంటిపేరు కూడా లేదు. పేరు పక్కన వాళ్ళ వాద్యం పేరు తగిలించి పిలిచేవారు. వయొలిన్ అన్నామరియా, అలా. మా మామ్మ చెప్పిన "మేళం" గుర్తొచ్చింది.

ఇక రోములోనైతే గుడిలో స్త్రీ గొంతే పనికిరాదు. ఆ పై స్థాయి పాడడానికి గొంతు మారకముందే మగపిల్లల వృషణాలు తీసేసి తయారుచేసిన గాయకులుండేవారు. స్త్రీ పాత్ర కావాలి, స్త్రీ స్వరం కావాలి, స్త్రీ మాత్రం వద్దు. కూచిపూడి స్త్రీవేషధారులని నేను దీనితో పోల్చడం లేదు. వాళ్ళు తమ కళని ప్రాణంగా చూసుకున్నారు. వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) జడ చేతిలోకి తీసుకుంటే ఆడవాళ్ళే అసూయపడ్డారని అందరూ చెబుతారు, అది అతిశయోక్తి అనుకోను. అయినా ఆ మెచ్చుకోలుని ఒకసారి తిరగేసి చూడండి. మగవాడు సత్యభామ అయితే అది సాధన. ఆయనకి 1961లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ వచ్చాయి. అదే సత్యభామని కళావంతుల స్త్రీ పాడితే అది కులవృత్తి, ఆ పైన నేరం.

నేరమన్నది ఉపమానం కాదు. గోదావరి మీద కాటన్ ఆనకట్ట 1852కి పూర్తయింది. డెల్టాలో మాగాణి పెరిగింది, భూస్వాముల చేతిలో డబ్బు ఆడింది. మేజువాణి అన్న మాట అతిథికి ఆతిథ్యమిచ్చేవాడు అనే అర్థమున్న పారశీక పదం నుంచి వచ్చింది. పెళ్ళి పందిట్లో ఆతిథ్యం ఇచ్చేది ఆసామి, ఆ ఆతిథ్యంలో వడ్డించిన వస్తువు ఆమె పాట. అదే డెల్టా పక్కన రాజమండ్రిలో వీరేశలింగం సానిమేళాల మీద కత్తి కట్టాడు. ఆయన కోపంలో న్యాయముంది. చిన్నపిల్లల్ని గుడికో ఆసామికో అప్పగించడాన్ని ఏ స్త్రీవాదీ వెనకేసుకురాలేదు. కళావంతుల కుటుంబంలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకం కూడా ఆ సంస్కరణ కోసమే పనిచేసింది. ముత్తులక్ష్మీరెడ్డి 1930లో మద్రాసులో బిల్లు పెట్టింది. 1947లో దేవదాసీ నిరోధక చట్టం వచ్చింది.

ఆ చట్టం అంకితమివ్వడాన్ని నిషేధించి ఊరుకోలేదు. ఈ స్త్రీలు గుళ్ళో, దేవుడి ఊరేగింపులో, ఉత్సవంలో ఆడడాన్ని కూడా చట్టవిరుద్ధం చేసింది. ఆంధ్రలో 1956లో చేసిన సవరణతో పెళ్ళిళ్ళలాంటి వేడుకలకీ నిషేధం పాకింది. పందిట్లో కూచుని విన్న ఆసామికి ఏ శిక్షా లేదు. మేళాన్ని పిలిపించిన మా ముత్తాత పరువుకేమీ కాలేదు, ఇంట్లో ఆయన ఫోటోకి ఇప్పటికీ దండ వేస్తాం. దోపిడీని ఆపాలనుకున్నారు, పాటని ఆపారు. ఈ రెండూ విడదీయగలిగినవేనని ఆనాటి సంస్కర్తలకి తోచలేదని నేననుకుంటాను. ఆ స్త్రీలని కూచోబెట్టి అడిగి ఉంటే తోచేదేమో.

తర్వాత తేదీలు చూడండి. 1956లో పందిట్లో ఆగింది. 1958లో ఢిల్లీ సంగీత నాటక అకాడమీ నృత్య సదస్సులో కూచిపూడికి శాస్త్రీయ హోదా కోసం వాదన. 1959లో హైదరాబాదులో కూచిపూడి సదస్సు. కొత్త తెలుగు రాష్ట్రానికి ఒక శాస్త్రీయ నాట్యం కావాలి, దానికొక శుభ్రమైన వంశవృక్షం కావాలి. యోగి, అగ్రహారం, బ్రాహ్మణ భాగవతులు. అందులో గోదావరి జిల్లాల ఆడవాళ్ళకి చోటు దొరకలేదు.

"అయితేనేం, ఇప్పుడు కూచిపూడి ఆడుతున్నది ఆడపిల్లలేగా" అంటారు. నిజమే. వేదిక మీద సత్యభామ ఈరోజు ఎక్కువగా ఆడపిల్లే. కానీ పాట ఆమెది కాదు. గాయకులు పక్కన మైకు ముందు కూచుంటారు. సత్యభామ పెదాలు కదుపుతుంది. పాత యక్షగాన పద్ధతిలో వేషధారే పాడి, మాట్లాడి, ఆడేవాడు. కళావంతుల స్త్రీ కూడా అంతే. ఆమె కూచుని అభినయం పట్టినా గొంతు ఆమెదే. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ మాటని ఎన్నిసార్లు తిప్పి తిప్పి ఏ అర్థం లాగాలో ఆమె నిర్ణయం. ఆ నిర్ణయమే రచన అని నాకు ఆలస్యంగా అర్థమైంది. వివాల్డీ ఏరియాలో మొదటి భాగం చివర మళ్ళీ వస్తుంది. ఆ రెండోసారి గాయని తనకు తోచిన గమకాలు వేసుకోవాలి, అవి కాగితం మీద ఉండవు. అక్కడ పోయింది ఆ అలంకారం. మిగతాదంతా స్వరకర్త కాగితంలో మిగిలింది. మన దగ్గర రాతప్రతిలో మాటలున్నాయి, పాట మొత్తం అలంకారంతో సహా గొంతులో ఉంది. గొంతుని నిషేధించాక ఏం మిగులుతుంది?

స్త్రీవాద సాహిత్య చరిత్ర చాలా సాధించింది. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయించింది, ప్రభుత్వం నిషేధించింది, ఆ కథని మనం ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. కానీ పళని రాసింది కాబట్టి నాగరత్నమ్మకి వెతకడానికి ఒక ప్రతి ఉంది. వెనిస్‌లోనే బార్బరా స్ట్రోజీ అనే గాయని ఉండేది. 1655లో ఒంటి గొంతు కోసం రాసిన భక్తిగీతాల సంపుటి అచ్చు వేసుకుంది. ఆమె శీలం మీద ఆ ఊళ్ళో ఎన్ని మాటలన్నారో, అయినా ఆమె పేరుతో పుస్తకాలు ఉన్నాయి. మన వెతుకులాట ఎప్పుడూ కాగితం దిక్కుకే పోతుంది. కాగితం ఎక్కనివాళ్ళ కోసం "మనకు తెలియని మన చరిత్ర" చేసినట్టు మనుషుల దగ్గరికి వెళ్ళి కూచోవాలి. సాహిత్య శాఖల్లో ఆ పని మనం అంతగా చేయలేదు.

కొందరు వెళ్ళారు. నటరాజ రామకృష్ణ ఊరూరా తిరిగి ముసలివాళ్ళయిన కళావంతుల స్త్రీలని కలిశారు, 1970లో అభినయ సదస్సు పెట్టి వాళ్ళని మళ్ళీ వేదిక ఎక్కించారు. వాళ్ళ దగ్గర నేర్చుకున్నదానికి ఆంధ్రనాట్యం అని పేరు పెట్టారు. నవజనార్దన పారిజాతాన్ని తిరిగి నిలబెట్టారు. అందులో సత్యభామగా అందరికన్నా పేరు తెచ్చుకున్నది ఆయన శిష్యుడు కళాకృష్ణ. గొప్ప నటుడు, నేను చూశాను. ఆడవాళ్ళ నుంచి వచ్చిన సత్యభామకి కూడా చివరికి మగవాడి ముఖమే గుర్తుండిపోవడం ఎవరి తప్పూ కాకపోవచ్చు, అయినా గుచ్చుకుంటుంది. స్వప్నసుందరి పశ్చిమగోదావరి బల్లిపాడు మదనగోపాలస్వామి గుడికి చెందిన సరిదె మాణిక్యం వంటివారి దగ్గర నేర్చుకుని విలాసినీ నాట్యాన్ని తీర్చిదిద్దింది. దవేష్ సోనేజీ 2012లో వచ్చిన తన పుస్తకంలో, చట్టం వచ్చిన దశాబ్దాల తర్వాత కూడా గోదావరి డెల్టాలో కళావంతుల స్త్రీలు ఇళ్ళలో, తలుపులు మూసుకుని, తమలో తాము పాత పాటలు పాడుకోవడాన్ని రాశాడు. ఎవరికోసమో కాదు, తమ కోసం. ఆ పేజీలు చదివాక నాకు మా జిల్లాలోనే తిరగాలనిపించింది.

తిరిగాను. ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు వైపు. 2022లో అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా అయ్యాక ఆ ఊళ్ళకి బోర్డులు మారాయి, కాలవగట్ల రోడ్లు వెడల్పయ్యాయి. నేను వెతుకుతున్న ఇళ్ళు మాత్రం దొరకలేదు, దొరికినా తెరుచుకోలేదు. కళావంతులు అన్న మాట వదిలి సూర్యబలిజ అని పిలిపించుకోవడం మొదలై చాలా కాలమైంది. ఆ మార్పు వెనక ఎంత అవమానం దిగమింగి ఉంటారో, పిల్లల పెళ్ళిళ్ళు కుదరడానికి ఎన్ని అబద్ధాలాడి ఉంటారో ఊహించగలను. ఒక ఇంట్లో గవర్నమెంటు స్కూల్లో చదువు చెప్పే ఒకామె మర్యాదగా కాఫీ ఇచ్చి, "మీ పరిశోధన మీకు మంచిదే మేడమ్. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం" అంది. అంతే. అంతకన్నా స్పష్టంగా చెప్పాల్సిన పని లేదు.

పేరు పోవడం అన్యాయమని ఇంతసేపూ రాస్తున్నదాన్ని. పేరు రాయొద్దు అంటున్న మనిషి ముందు ఏం చెయ్యాలి? మా ముత్తాత మేళాన్ని పిలిపించాడు, ఇప్పుడు మనవరాలు నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. రెండిటికీ తేడా నాకు తెలుసు, ఆమెకి తెలియాలన్న రూలేం లేదు. ఈ వ్యాసంలో ఇంతకుముందే పుస్తకాలకెక్కిన పేర్లే రాశాను, ఆ ఇల్లున్న ఊరి పేరు కూడా రాయడం లేదు.

లేవబోతూ, ఊరికే వెళ్ళడం మనసొప్పక, ఫోను తీసి మామ్మ పాట పెట్టాను. మా ఇంట్లో ఆవిడ విన్నది ఇదీ, ఎవరు పాడారో ఆవిడకి తెలీదు, ఆవిడ కూడా ఇప్పుడు లేదు అని చెప్పాను. టీచరు ఏమీ మాట్లాడలేదు. వెనక గదిలో మంచం మీద ఆమె అత్తగారు ఉన్నారు, అప్పటిదాకా నిద్రపోతున్నారనుకున్నాను. మామ్మ గొంతు ఆగిపోయేచోట ఫోనులో సీలింగు ఫాను చప్పుడూ, "అక్కడికి తలుపేసేశారు" అన్న మాటా వినిపించాయి.

"ఎక్కడికి ఆపింది?" అన్నారు ఆవిడ లోపల్నుంచి.

మళ్ళీ పెట్టాను. వీధి తలుపు వెయ్యమని కోడలికి చెప్పారు. ఆ పెట్టె కూడా ఆపెయ్యమ్మా అని నాకు చెప్పారు. ఆపేశాను. పడుకునే, కళ్ళు మూసుకుని, మామ్మ వదిలేసిన మాట దగ్గర పట్టుకుని మిగతాది పాడారు. పదినిమిషాలు పట్టి ఉంటుంది. ఒకచోట ఒకే మాటని ఆరేడు రకాలుగా అన్నారు, చివరిసారి అన్నప్పుడు టీచరు తల తిప్పుకుంది. తర్వాత మంచినీళ్ళు అడిగారు.

బస్టాండులో కూచుని గుర్తున్నంతవరకు రాసుకున్నాను. మాటలు నా గ్రంథంలో ఉన్నవే, రెండుచోట్ల పాఠం వేరు. రాగం ఏదో నాకు తెలియలేదు. సంగీతం వచ్చినవాళ్ళనెవరినైనా అడగాలి, కానీ అడగాలంటే నేను పాడి వినిపించాలి.